మీ ఏఐకి జ్ఞాపకశక్తి అక్కరలేదు, మీరు వద్దనుకున్న వాటి చిట్టా కావాలి

నమస్కారం. ఈ రోజు చెప్పేది ఒక్కటే మాట, దాన్ని మీకు విసుగు పుట్టేదాకా చెబుతాను. కోడింగ్ అసిస్టెంట్‌తో, అంటే మనతో మాట్లాడుతూ కోడ్ రాసే ఏఐ ఉపకరణంతో, పని ముగించేటప్పుడు దాచుకోవలసింది చేసిన పనుల జాబితా కాదు, వద్దనుకున్న పనుల జాబితా. సెషన్ మూయగానే ఏఐ అంతా మరచిపోతోందని ఒక వర్గం, పది లక్షల టోకెన్ల (టోకెన్ అంటే పదం లేదా పదంలో ముక్క) విండో, అంటే మోడల్ ఒకేసారి చూడగలిగే పాఠానికి ఉన్న చోటు, వచ్చాక ఆ బాధే లేదని ఇంకో వర్గం వాదించుకుంటున్న సంగతి మీకు తెలిసిందే. ఇద్దరూ వెతకవలసిన చోట వెతకడం లేదు.

మోడల్ ఏదీ మరచిపోదు, ఎందుకంటే అది అసలు ఏదీ గుర్తుపెట్టుకోదు. మీరు పదో ప్రశ్న అడిగినప్పుడు, అంతకుముందు అడిగిన తొమ్మిది ప్రశ్నలనూ, వాటి జవాబులనూ, అది చదివిన ఫైళ్లనూ, నడిపిన టెస్టుల లాగ్‌లనూ ఉపకరణం మళ్లీ మొదటినుంచి దాని ముందు పెడుతుంది. కొత్త సెషన్ తెరిస్తే అదంతా ఖాళీ. 2020లో ఓపెన్ఏఐ మోడల్ జీపీటీ-3కి 2,048 టోకెన్ల చోటు ఉండేది, 2024 ఫిబ్రవరిలో గూగుల్ మోడల్ జెమినై 1.5 ప్రోను పది లక్షల టోకెన్లతో ప్రకటించారు. నాలుగేళ్లు తిరగకముందే చోటు దాదాపు 490 రెట్లు పెరిగింది, అయినా సోమవారం ఉదయం ప్రాజెక్టు గురించి మళ్లీ ఓనమాల నుంచి చెప్పుకునే బాధ తప్పలేదు. పైగా పొడవైన కాంటెక్స్ట్‌లో, అంటే మోడల్ ముందు పెట్టిన పాఠంలో, మొదట, చివర ఉన్న సమాచారాన్ని వాడుకున్నంత బాగా నడుమ ఉన్నదాన్ని మోడళ్లు వాడుకోలేకపోతున్నాయని 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, వారి సహచరులు చూపించారు. విండో ఎంత పెద్దదైనా అందులో ఏం పెట్టాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండే విషయానికి వస్తాను. విండో నిండబోతుంటే ఉపకరణాలు పాత సంభాషణను సారాంశంగా కుదించి, దానితోనే ముందుకు సాగుతాయి. కాంపాక్షన్ అనే ఈ పనిలో ముందుగా ఎగిరిపోయేది సందేహం. సంభాషణలో “లాగిన్ టెస్టు అప్పుడప్పుడు విఫలం కావడానికి టైమ్‌జోన్ కారణం కావచ్చు, ఇంకా తేలలేదు” అని ఉంటుంది. సారాంశంలో అది “లాగిన్ టెస్టు వైఫల్యానికి కారణం టైమ్‌జోన్” అయిపోతుంది. నిన్నటి ఊహ నేటికి నిజంగా మారిపోతుంది, ఆ నిజం మీద అసిస్టెంట్ ఎంతో ధీమాగా ఇంకో మూడు ఫైళ్లు మార్చేస్తుంది. సందేహం తరువాత పోయేది తిరస్కరణ: ఏం చేశామో సారాంశంలో ఉంటుంది, ఏం చేయకూడదనుకున్నామో ఉండదు.

తిరస్కరించిన దారి కోడ్‌లో కనిపించదు, నా వాదనకు మూలం ఇదే. ఫోల్డర్ల అమరికను, ఫంక్షన్ల పేర్లను, వాడిన లైబ్రరీలను అసిస్టెంట్ క్షణాల్లో తనంతట తానే చదువుకోగలదు. లేని దాన్ని ఎలా చదువుతుంది? కమిట్ చేయకముందే, అంటే కోడ్ మార్పులను దాచే గిట్‌లో నమోదు చేయకముందే, కొట్టేసిన ప్రయత్నం గిట్ చరిత్రలో కూడా ఉండదు. ఒక ఉదాహరణ చూడండి. చెల్లింపు సర్వర్ నుంచి జవాబు రాకపోతే అభ్యర్థనను మళ్లీ పంపే కోడ్, అంటే రీట్రై, పెట్టాలా అని మీరూ అసిస్టెంటూ చర్చించారు. ఒకే అభ్యర్థన రెండోసారి వస్తే గుర్తుపట్టే ఏర్పాటు అవతలి సర్వర్‌లో లేదు కాబట్టి, వినియోగదారుడి ఖాతా నుంచి డబ్బు రెండుసార్లు పోతుందని వద్దనుకున్నారు. కోడ్‌లో మిగిలింది ఆ సర్వర్‌కు రీట్రై లేకుండా వెళ్లే ఒక మామూలు పిలుపు (కాల్) మాత్రమే. మర్నాడు కొత్త సెషన్‌లో అసిస్టెంట్ దాన్ని చూసి, ఇక్కడ రీట్రై మరచిపోయారు, నేను చేర్చాను అని సంతోషంగా చెబుతుంది. అది దాని తెలివితక్కువతనం కాదు, ముందు రోజు చర్చ తెలియని మంచి ఇంజనీరు కూడా అదే పని చేస్తాడు.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లోనే ఈ మాటకు చాలా దగ్గరగా వచ్చాడు. ప్రోగ్రామ్ అంటే కోడ్ పాఠం కాదనీ, దాన్ని కట్టినవారి బుర్రల్లో ఉండే అవగాహన అనీ, ఆ బృందం చెదిరిపోతే ప్రోగ్రామ్ చచ్చిపోయినట్లేననీ ఆయన వాదించాడు. ఇప్పుడు సెషన్ మూసిన ప్రతిసారీ బృందంలో సగం చెదిరిపోతోంది. ఆ అవగాహనను పత్రాల నుంచి తిరిగి కట్టలేమని కూడా ఆయన అన్నాడు కాబట్టి నా చిట్టాను చూసి పెదవి విరిచేవాడేమో, కానీ ప్రమాదాన్ని తగ్గించే పత్రం మాత్రం రాయగలం. 2011లో మైకేల్ నైగార్డ్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ప్రతిపాదించిన నిర్ణయ పత్రాల పద్ధతి, అంటే ప్రతి ముఖ్య నిర్ణయాన్నీ ఒక చిన్న పత్రంగా రాసుకునే పద్ధతి, అందుకు మంచి మొదలే, అయితే ఆ మూల నమూనాలో సందర్భానికి, నిర్ణయానికి, పర్యవసానాలకు శీర్షికలు ఉన్నాయి గానీ వదిలేసిన ప్రత్యామ్నాయాలకు ప్రత్యేకంగా శీర్షిక లేదు.

మరి మనవాళ్లు క్లాడ్.ఎండీ, ఏజెంట్స్.ఎండీ వంటి ఫైళ్లలో, అంటే అసిస్టెంట్ చదివే నియమాల ఫైళ్లలో, ఏం రాస్తున్నారు? “నువ్వు గొప్ప అనుభవం ఉన్న ఇంజనీరువి”, “శుభ్రమైన కోడ్ రాయి” అని రాస్తున్నారు. చెత్త కోడ్ రాయమని ఎవరైనా అడిగారా? ఆ ఫైల్ సెషన్ మొదలయ్యే ప్రతిసారీ విండోలోకి వస్తుంది, కాబట్టి అందులోని ప్రతి పనికిమాలిన వాక్యం పనికొచ్చే వాక్యం చోటును తింటుంది.

నేను కోరే పద్దులో మూడు సంగతులు ఉండాలి: ఏది వద్దు, ఎందుకు వద్దు, ఎప్పటివరకు వద్దు. “చెల్లింపు పిలుపుకు రీట్రై పెట్టవద్దు. పునరావృత అభ్యర్థనను అవతలి సర్వర్ గుర్తుపట్టదు, డబ్బు రెండుసార్లు కోత పడుతుంది. వారు ఆ సదుపాయం ఇచ్చిన రోజున ఈ పద్దు తీసేయాలి.” ఇంతే. మూడో వాక్యం లేకపోతే ఆ నిషేధం ఎందుకు పుట్టిందో ఎవరికీ తెలియని ఆచారంగా మిగిలిపోయి, రెండేళ్ల తరువాత మీకే అడ్డుపడుతుంది. దీన్ని ఏదో కంపెనీ మెమరీ సదుపాయంలో కాకుండా కోడ్ ఉన్న రిపోజిటరీలోనే (ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే), వీలైతే ఆ పిలుపు పైనే వ్యాఖ్యగా పెట్టండి. అప్పుడు అసిస్టెంట్‌ను మార్చినా పద్దు పోదు, కోడ్ మారినప్పుడు దాన్నీ మార్చాలన్న సంగతి కంటికి కనబడుతుంది.

రాసే సమయం కూడా ముఖ్యమే. కుదింపు జరిగిపోయాక అడిగితే ఆ సందేహాలూ తిరస్కరణలూ అసిస్టెంట్ దగ్గర ఉండవు. కాబట్టి విండో నిండకముందే, “ఈ సెషన్‌లో మనం వదిలేసిన దారులు, వాటి కారణాలు, ఇంకా తేలని ఊహలు మాత్రమే రాయి, చేసిన పనులు రాయకు” అని అడగండి. అది పది పద్దులు ఇస్తే ఏడు మీరే కొట్టేయండి, ఆ పని దానికి వదలవద్దు.

ఇప్పుడు వీడియో ఆపి మీ నియమాల ఫైల్ తెరవండి. అందులో కారణంతో సహా “వద్దు” అని చెప్పే వాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కింద కామెంట్‌లో రాయండి. సున్నా అయినా సరే రాయండి, ఎక్కువ మందికి సున్నాయే వస్తుందని నా పందెం.