చీలమండ ఆపరేషన్ తర్వాత మళ్ళీ కబడ్డీ: గోడ దగ్గర కొలత సరిగ్గా తీసుకోండి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో మా ఇంటి వరండాలోనే ఈ వీడియో తీస్తున్నాను, వెనక ఆటోల చప్పుడు వస్తే ఏమనుకోకండి. ఇదిగో, ఎడమ కాలు. ఈ మచ్చ కనపడుతోందా? కొంచెం దగ్గరికి తీసుకురా తమ్ముడూ... ఆ, చాలు. లోపల ఒక ప్లేటు, ఆరు స్క్రూలు ఉన్నాయి. రెయిడ్‌కి వెళ్ళి బోనస్ లైన్ దాటబోతే పాదం మెలిపడింది, బయటవైపు ఎముక విరిగింది. తొమ్మిదో నెలలో మళ్ళీ మ్యాచ్ ఆడాను.

"ఎన్ని వారాలకి ఆడొచ్చన్నా?" అని చాలామంది తమ్ముళ్ళు అడుగుతున్నారు. వారాలు లెక్కపెట్టకండి. కాలు ఎంతవరకు వంగుతోంది, ఎంత బరువు మోస్తోంది, అది చూడండి.

ఇంకో మాట. ఎక్స్‌రే చూసి, కాలు మీద బరువు వేయొచ్చని మీ సర్జన్ చెప్పాకే ఇప్పుడు చూపించేవన్నీ. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి.

సరే, మొదటివి త్వరగా చూపించేస్తాను. పాదంతో గాల్లో అ ఆ ఇ ఈ రాయడం. ఇలా. తర్వాత తువ్వాలు అరికాలికి వేసి మన వైపు లాక్కోవడం. ఇలా. తర్వాత బ్యాండ్‌తో నాలుగు వైపులా... ముందుకి, వెనక్కి, లోపలికి, బయటికి. బ్యాండ్ కొనక్కర్లేదు, సైకిల్ షాపులో పాత ట్యూబ్ ముక్క అడగండి. నాకైతే ట్యూబే బాగుంటుంది, పాదం మీంచి జారిపోదు.

ఇప్పుడు గోడ దగ్గర చీలమండ ఎంత వంగుతోందో కొలుద్దాం. ఇక్కడ నిదానంగా చూడండి, నేను పొరపాటు పడింది ఇక్కడే.

చెప్పులు, బూట్లు తీసేయండి. మన ఆమదాలవలస వైపు వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లలున్నారు కదా, కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చిన ఆట. మీ బూట్లకి మడమ దగ్గర ఎత్తు ఉంటుంది. చీలమండ తక్కువ వంగినా లోతుగా కూర్చోగలగాలనే ఆ ఎత్తు. దాంతో ఇది చేస్తే కొలత తప్పు వస్తుంది. ఉత్త కాళ్ళతోనే చేయండి.

గోడకి ఆనించి నేల మీద స్కేలు పెట్టాను. బొటనవేలు స్కేలు పక్కన. మడమ నేలకి ఆనించి, మోకాలు గోడకి తాకించాలి. తాకితే కాలు కొంచెం వెనక్కి జరపండి. మళ్ళీ తాకించండి. మడమ లేవకుండా మోకాలు తాకే చివరి చోటు ఎక్కడో, బొటనవేలి నుంచి గోడకి ఎన్ని సెంటీమీటర్లో, అదీ మీ కొలత.

నా మంచి కాలికి 11. ఆపరేషన్ కాలికి మూడో నెలలో 8 వచ్చిందని రాసుకుని పరుగు మొదలుపెట్టాను. వారంలో మోకాలు నొప్పి, నడకలో కుంటు. తర్వాత ఫిజియో గారు పక్కన కూర్చుని చూస్తే అసలు కొలత 5. మడమ లేస్తోంది, నాకు తెలియట్లేదు! ఆపరేషన్ అయిన కాలు కదా, అక్కడ స్పర్శ ఇంకా మొద్దుగా ఉంది.

అందుకే ఈ కాగితం. మడమ కింద పెట్టండి. మోకాలు గోడకి తాకగానే... లాగు తమ్ముడూ. రాలేదు కదా? అంటే మడమ నేల మీదే ఉంది. ఇప్పుడు కాలు ఇంకో సెంటీమీటరు జరుపుతున్నా. లాగు. వచ్చేసింది. చూశారా, నాకు మాత్రం మడమ ఆనినట్టే ఉంది.

మడమ లేవడం ఒక దొంగతనం, రెండో దొంగతనం పాదానిది. అరికాలి వంపు లోపలికి కుంగిపోతుంది, మోకాలు బొటనవేలి వైపు వాలిపోతుంది. మోకాలు రెండో వేలి మీదుగా వెళ్ళాలి. ఎదురుగా ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీసుకోండి, అద్దం కంటే నయం. రెండు కాళ్ళకి తేడా ఒక సెంటీమీటరు లోపుకి వచ్చేదాకా నేను మళ్ళీ పరుగు జోలికి పోలేదు.

తర్వాత మడమలు ఎత్తడం. ఒంటి కాలిమీద, మోకాలు నిటారుగా. మళ్ళీ మోకాలు వంచి, ఎందుకంటే అప్పుడు పిక్క లోపలి కండరం పనిచేస్తుంది. మంచి కాలు ఎన్ని చేస్తే ఇదీ అన్నే చేయాలి. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలిమీద నిలబడండి. తర్వాత ఒంటికాలి గెంతు, దూరం కొలవండి, మంచి కాలి దూరంలో 90 శాతమైనా రావాలి. మొదటి పరుగులు గట్టి చదును నేల మీద. కళింగపట్నం ఇసుకలో ఇప్పుడే వద్దు, పాదం కూరుకుపోయి మెలిపడుతుంది.

చివరిగా కబడ్డీ వాళ్ళకి. యాంకిల్ హోల్డ్. ప్లేటు బయటవైపు చర్మం కిందే ఉంటుంది, ఎవరైనా అక్కడ గట్టిగా పట్టుకుంటే ప్రాణం పోయినట్టుంటుంది. మ్యాచ్‌లో మొదటిసారి అది తెలియకూడదు. మన జట్టువాడినే మెల్లగా పట్టుకోమని చెప్పండి, రోజూ కొంచెం బిగువు పెంచమనండి. తమ్ముడూ, కెమెరా అక్కడ పెట్టి వచ్చి నా చీలమండ పట్టుకో. ఇంకా గట్టిగా. ఆ... ఇప్పుడు విడిపించుకుంటాను, చూడండి.