రేడార్ మాస్క్ లేకుండా వచ్చిన సీన్

అందరికీ నమస్కారమండి. ఇవాళ నేను ఒకే ఒక్క ఎపిసోడ్ గురించి మాట్లాడతాను, మ్యాష్ అనే అమెరికన్ సిట్‌కామ్, అంటే టీవీ కామెడీ సీరియల్, మూడో సీజన్‌లో ఆఖరిది, పేరు 'అబిసీనియా, హెన్రీ', 1975 మార్చి 18న సీబీఎస్ ఛానెల్లో వచ్చింది. చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తా. కొరియా యుద్ధం, గుడారాల్లో ఆపరేషన్లు చేసే 4077 అనే ఆర్మీ హాస్పిటల్, దాని కమాండర్ హెన్రీ బ్లేక్. మంచి డాక్టరే గానీ ఆఫీసర్ దర్పం బొత్తిగా లేదు, ఏ కాగితం మీద సంతకం పెట్టాలో కూడా క్లర్క్ రేడారే చూపించాలి. ఆ యుద్ధానికి మన దేశం కూడా 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే సైనిక వైద్య దళాన్ని పంపింది, లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ గారి నాయకత్వంలో మన డాక్టర్లు అక్కడ ఇలాంటి పనే చేశారు, అందుకే నాకిది పరాయి కథ అనిపించదు.

ఎపిసోడ్ దాదాపు అంతా సందడే. హెన్రీకి డిశ్చార్జ్ వచ్చింది, ఇల్లినాయ్‌లో భార్యాపిల్లల దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, మందు పార్టీ, కొత్త సూట్, హెలికాప్టర్ ఎక్కబోతూ సెల్యూట్ చేస్తున్న రేడార్‌ని చూసి వెనక్కి పరిగెత్తుకొచ్చి వాటేసుకుంటాడు. వేరే సిట్‌కామ్ అయితే అక్కడే శుభం కార్డు పడేది.

తర్వాత ఆపరేషన్ థియేటర్. రేడార్ మాస్క్ లేకుండా లోపలికొస్తే ముందు మాస్క్ పెట్టుకోరా అని కసురుతారు, అతను చేతిలో కాగితం చూసి చదువుతాడు, హెన్రీ విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారు, ఎవరూ బతకలేదు. అంతే. ఏడుపొస్తోంది, కానీ ఎవరి చేతులూ ఆగవు, ఎందుకంటే బల్ల మీద పేషెంట్ ఉన్నాడు కదా. ఎక్కడో ఏదో పరికరం జారిపడ్డ చప్పుడు, అది అనుకోకుండా పడిందట, అలాగే ఉంచేశారు. ఈ షోకి నవ్వుల ట్రాక్, అంటే వెనకాల వినిపించే రికార్డు చేసిన నవ్వులు, ఉండాల్సిందేనని ఛానెల్ పట్టుబట్టినా ఆపరేషన్ సీన్లకి వద్దని నిర్మాతలు ఒప్పించుకున్నారు, ఆ నిశ్శబ్దం విలువ ఇక్కడ తెలుస్తుంది.

హెన్రీగా వేసిన మెక్లీన్ స్టీవెన్‌సన్ షో వదిలేస్తున్నాడు కాబట్టి ఆ పాత్రని ఇంటికి పంపేస్తే సరిపోయేది. డైరెక్ట్ చేసిన లారీ గెల్‌బార్ట్ ఆఖరి పేజీని దాచిపెట్టాడు, నటుల్లో ఆలన్ ఆల్డాకి తప్ప మిగతావాళ్ళకి షూటింగ్ ముందు దాకా తెలీదు. కామెడీలో చావేంటని జనం కోపంగా బోలెడు ఉత్తరాలు రాశారు. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది, అయినా గెల్‌బార్ట్ చేసిందే రైట్ అంటాను. అప్పటికి వియత్నాం యుద్ధం ఇంకా ముగియలేదండి, దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది ఆ ఏడు ఏప్రిల్ 30న, వెళ్ళొస్తానని చెప్పి తిరిగిరాని కొడుకులున్న ఇళ్ళు అమెరికాలో ఎన్నో ఉన్నాయి, వాళ్ళ ముందు అందరూ క్షేమంగా ఇంటికొచ్చే యుద్ధాన్ని ఎలా చూపిస్తారు?

నాకున్న అభ్యంతరం ఒక్కటే, చివర్లో హెన్రీ పాత క్లిప్పులు వేసి మనల్ని ఓదార్చారు, అది అక్కర్లేదు, ఆపరేషన్ థియేటర్ సీన్‌తోనే వదిలేయాల్సింది. సరే, ఇప్పుడు ఎపిసోడ్ వేస్తాం, దయచేసి ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి.