పాట పుట్టిన కథ, పాట కట్టిన చేయి

గౌరవనీయులైన సంఘ పెద్దలకు, గాయక బృందాల వారికి, ఈ సాయంకాలం శ్రమ తీసుకొని వచ్చిన సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో వందనాలు.

పాట ఎత్తుకొనే ముందు ఆ పాట పుట్టిన కథ చెప్పడం మన సంఘాలలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కథ విన్నాక పాడితే గొంతు మరోలా పలుకుతుందని పాటలు నడిపించేవారందరికీ తెలుసు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పినది హొరేషియో స్పాఫర్డ్ కథ. ఆయన షికాగోలో న్యాయవాది. 1871లో ఆ నగరం తగలబడినప్పుడు ఆస్తి చాలావరకు పోగొట్టుకున్నారు. 1873 నవంబరులో భార్యనూ నలుగురు ఆడపిల్లలనూ ‘విల్ దు హావ్ర్’ అనే ఓడలో యూరప్‌కు పంపి, పని ఉండి తాను ఆగిపోయారు. ఆ నెల 22వ తేదీ తెల్లవారుజామున నడిసముద్రంలో మరో ఓడ దానిని ఢీకొన్నది. నిమిషాల మీద ఓడ మునిగిపోయింది. నలుగురు పిల్లలూ పోయారు. ఒక్కతే బతికి బయటపడ్డ తల్లి కార్డిఫ్ రేవు నుంచి భర్తకు తంతి కొట్టింది; తానొక్కతే మిగిలానని అందులో మాట. భార్యను తీసుకురావడానికి బయలుదేరిన స్పాఫర్డ్, పిల్లలు మునిగిన చోటు మీదుగా ఓడ సాగుతుండగా, ఆ రాత్రే ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ రాశారని మనం చెబుతాం. చెబుతూ చెబుతూ కొంచెం గొంతు కూడా తగ్గిస్తాం.

అయితే ఆ కుటుంబానికి మిత్రుడూ, సువార్తికుడు మూడీ సభలలో గాయకుడూ అయిన ఐరా శాంకీ రాసిన మాట వేరు. 1876లో తాను షికాగోలో స్పాఫర్డ్ ఇంట కొన్ని వారాలు అతిథిగా ఉన్నప్పుడు, పోయిన పిల్లల జ్ఞాపకంగా ఆయన ఈ పాట రాశారని శాంకీ చెప్పారు. ఓడలో రాశారన్న మాట ఆ తర్వాత పుట్టిన కూతురు తన పుస్తకంలో చెప్పినది. పాట రాతప్రతి ఇప్పటికీ ఉంది. అది షికాగోలోని ఒక హోటల్ పేరు అచ్చైన కాగితం మీద ఉంది. మొదటి చరణంలో మనం ‘పలకడం నేర్పితివి’ అన్న భావంతో పాడే చోట, ఆ కాగితం మీద ‘తెలుసుకోవడం నేర్పితివి’ అన్న భావమున్న మాట కనబడుతుంది. తర్వాత ఎవరో మార్చారు. అలలమీద రాసిన పాట కంటే మూడేళ్ళు దుఃఖాన్ని మోసి, ఒక బల్ల ముందు కూర్చుని కట్టిన పాట నాకు గొప్పగా తోస్తుంది. దుఃఖం ఎంత పెద్దదైనా పాదాలు దానంతటవే కుదరవు. మాట నిలబడాలి, ప్రాస కుదరాలి, గుంపు పాడగలగాలి.

శాంకీ మాటనే వేదవాక్కుగా తీసుకోమని నేను అనడం లేదు. సువార్త గీతాల కథలతో ఆయన ఒక పుస్తకం సిద్ధం చేశారు. 1902లో బాటిల్ క్రీక్ ఆరోగ్యనిలయం కాలిపోయినప్పుడు ఆ పుస్తకం రాతప్రతి అందులో బూడిదైంది. ఆ మరుసటి ఏడాది ఆయన చూపు పోయింది. మళ్ళీ అంతా జ్ఞాపకం నుంచే పోగుచేశారు. మన ప్రసంగవేదికల మీద ఇవాళ తిరుగుతున్న పాటల కథలలో చాలావాటికి మూలం ఆ పుస్తకమే. కాబట్టి కథ చెప్పేటప్పుడు కొంచెం ఆచితూచి చెప్పడం మంచిది.

ఈ సాయంకాలం నేను చెప్పదలచినది ఒకటే. కథ వెలుగులో పాట కట్టిన మనిషి పనితనం మనకు కనబడకుండా పోతున్నది. ఆ పనితనాన్ని చూడాలంటే అంధ గీతరచయిత్రి ఫానీ క్రాస్బీ దగ్గరికి వెళ్ళాలి.

ఆమె 1820 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టారు. ఆరు వారాల పసికందుగా ఉన్నప్పుడు కళ్ళకు జబ్బు చేసింది. వైద్యం పేరుతో ఒకరు వేడి కట్లు వేయడం వల్లనే చూపు పోయిందని ఆ ఇంటివారు నమ్మారు. బాల్యంలో ఒక ఇల్లాలు వారానికి ఇన్ని అధ్యాయాలని లెక్క పెట్టుకొని ఆమెకు బైబిలు చదివి వినిపించేది. మోషే ఐదు కాండాలు, నాలుగు సువార్తలు ఆ విధంగా కంఠస్థమయ్యాయి. ఇది మనకు కొత్త సంగతి కాదు. భాగవత పద్యాలు వల్లెవేసిన నోటికి పద్యం నడక ఎలా అబ్బుతుందో, వాక్యం వల్లెవేసిన ఆ పిల్లకు పాట నడక అలాగే అబ్బింది. న్యూయార్క్ అంధుల పాఠశాలలో చదివి, అక్కడే పంతులమ్మ అయ్యారు. 1844లో కవితల పుస్తకం వచ్చింది. 1850లలో జార్జ్ రూట్ అనే స్వరకర్తకు మామూలు ప్రేమపాటలు, పల్లెపాటలు రాసిపెట్టారు. సండేస్కూలు పాటల ప్రచురణకర్త విలియం బ్రాడ్‌బరీకి మొదటి సువార్త గీతం రాసి ఇచ్చేనాటికి, అంటే 1864లో, ఆమెకు నలభైనాలుగో ఏడు.

అక్కడి నుంచి చనిపోయేదాకా రాసినవి ఎనిమిది వేలకు పైబడిన పాటలు. ఒక పాటకు దొరికినది ఒకటో రెండో డాలర్లు. హక్కులు ఆమెవి కావు. ఒకే పుస్తకంలో ఒకే మనిషి పాటలు అన్నేసి ఉంటే బాగుండదని ప్రచురణకర్తలు అనుకున్నందువల్ల దాదాపు రెండు వందల మారుపేర్లతో అవి అచ్చయ్యాయి. ఆమె కాగితం మీద రాసేవారు కాదు. పాట మొత్తం మనసులో కట్టుకొని, దిద్దుకొని, ఆపైన ఎవరిచేతనైనా రాయించేవారు. కడుతున్నంతసేపు చేతిలో ఒక చిన్న పుస్తకం పట్టుకోవడం అలవాటు. చదవలేని పుస్తకమే. అది చేతిలో ఉంటే మాటలు తొందరగా వస్తాయని ఆమే చెప్పుకున్నారు. అంత పెద్ద లెక్కల కంటే ఈ చిన్న పుస్తకమే ఆమెను నాకు దగ్గర చేసింది.

చాలాసార్లు బాణీ ముందు వచ్చేది, మాట తర్వాత పుట్టేది. మన సినిమా కవులు ట్యూనుకు రాయడమంటారే, అదే పని. 1868లో ఒకరోజు విలియం డోన్ ఆమె దగ్గరికి వచ్చారు. ఆయన సిన్సినాటిలో కొయ్యపని యంత్రాలు తయారుచేసే కర్మాగారానికి పెద్ద. తీరిక వేళల్లో బాణీలు కట్టేవారు. రైలుకు నలభై నిమిషాలే ఉంది, ఈ బాణీకి మాటలు కావాలన్నారు. ఒకసారి వాయించి వినిపించారు. ఆమె పక్క గదిలోకి వెళ్ళి, అరగంటలో ‘సేఫ్ ఇన్ ది ఆర్మ్స్ ఆఫ్ జీసస్’ పూర్తి పాటతో తిరిగివచ్చారు. మనం నలభై నిమిషాలను చూసి అబ్బురపడతాం. ఆ నలభై నిమిషాల వెనుక నలభైఎనిమిదేళ్ళ నిలువ ఉంది. మరొకటి కూడా ఉంది. ఆమెకు పుట్టిన ఒకే ఒక్క బిడ్డ పసితనంలోనే పోయింది. ఆ సంగతి ఆమె దాదాపు ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రభువు చేతులలో క్షేమంగా ఉన్నానన్న ఆ పాట, బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు ఆసరా అయ్యింది. ఈ రెండింటికీ ముడి వేసి ఒక కథ చెప్పాలని నోరు ఊరుతుంది. ఆమె వేయలేదు కనుక నేనూ వేయను.

‘బ్లెస్డ్ అష్యూరెన్స్’ 1873 నాటిది. బాణీ ఫీబీ న్యాప్‌ది. ఆవిడ ఒక పెద్ద బీమా కంపెనీ అధ్యక్షుని భార్య. ఈ బాణీ ఏమంటున్నదని ఆవిడ అడిగితే, క్రాస్బీ అక్కడికక్కడే మొదటి పాదం అందించారట. ఆ పాదంలోని ఊపు చూడండి. మూడేసి మాత్రల ఉయ్యాల అది. పాదం చివర ఒక్క అక్షరం మీద గొంతు నిలబడుతుంది. అదే బాణీకి తెలుగు మాటలు పెట్టినప్పుడు ఇబ్బంది ఎక్కడ వస్తుందో క్వైర్లు నడిపేవారికి తెలుసు. మన మాట అచ్చుతో ముగుస్తుంది, దానికి హ్రస్వ దీర్ఘాల తూకం ఉంది. ఆ బాణీలో ‘దేవుడు’ కాస్తా ‘దేవూడూ’ అవుతాడు. భాష తెలిసినవారు ఒక్క క్షణం ముఖం చిట్లించి, తరువాత అలవాటు పడిపోతారు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు రాగం, తాళం, పల్లవి, చరణాల చట్రంలో క్రైస్తవ కీర్తనలు కట్టినందువల్లనే, మన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఆ పాటలు నోటికి తడబాటు లేకుండా పలుకుతాయి. అనువాద గీతాలను తీసిపారేయమని కాదు. ఏ పాట ఏ భాష నడకకు పుట్టిందో తెలిసి పాడితే చాలు.

కీర్తనకూ సువార్త గీతానికీ పల్లవి దగ్గర మరో తేడా ఉంది. కీర్తనలో పల్లవి ముందుంటుంది, చరణం దాని దగ్గరికి తిరిగివస్తుంది. సువార్త గీతంలో చరణం ముందు, కోరస్ వెనుక. ఎందుకంటే ఈ పాటలు పుస్తకం చేతిలో లేని జనం కోసం, మూడీ–శాంకీల సభల వంటి వేలమంది కూడే చోట్ల కోసం తయారయ్యాయి. చరణం శాంకీ తన చిన్న ఆర్గన్ ముందు కూర్చుని ఒక్కడే పాడేవారు. కోరస్ రెండోసారికే జనానికి వచ్చేసేది. ‘ఐ నీడ్ దీ ఎవ్రీ అవర్’ను 1872లో ఆనీ హాక్స్ అనే ఇల్లాలు బ్రూక్లిన్‌లో ఇంటిపని మధ్య రాశారు. ఆమె రాసినవి చరణాలే. కోరస్ చేర్చి బాణీ కట్టినది ఆమె సంఘ కాపరి రాబర్ట్ లౌరీ. ఈ పాట వెనుక విషాదం ఏదీ లేదు. రాసిననాడు ఆమె సంతోషంగా ఉన్నారు. ఇది ఇంతమందిని ఎందుకు కదిలిస్తున్నదో తనకు అప్పట్లో అర్థం కాలేదనీ, ఏళ్ళ తరువాత తనకే ఎడబాటు కలిగినప్పుడు తెలిసిందనీ ఆమె చెప్పారు. పాట ముందు, దుఃఖం తరువాత. మన కథల వరస దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

ఆ కాలపు పాటలలో చాలావరకు రాలిపోయాయి. క్రాస్బీ ఎనిమిది వేలలో ఇవాళ నాలుకమీద ఉన్నవి ఏ కొన్నో. కొన్ని మరీ తియ్యన, కొన్ని ఒకే అచ్చులో పోసినవి. వారానికి ఇన్ని అని రాసి ఇచ్చే మనిషికి అది తప్పదు. వచ్చిన ఆ డాలరూ రెండు డాలర్లలో చాలా భాగం ఆమె పంచిపెట్టేవారు. న్యూయార్క్ బోవరీ వీధిలోని తాగుబోతుల మధ్య, దిక్కులేనివారి మధ్య నడిచే మిషన్లలో కూర్చునేవారు. ‘రెస్క్యూ ద పెరిషింగ్’ ఆ గదుల వాసన తెలిసిన పాట.

1915 ఫిబ్రవరి 12న కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో, తొంభైనాలుగేళ్ళ వయసులో ఆమె కన్నుమూశారు. సమాధి మీద పెట్టినది చాలా చిన్న రాయి. దాని మీద ‘ఆంట్ ఫానీ’ అని ఉంది. కింద మార్కు సువార్త పద్నాలుగో అధ్యాయం నుంచి ఒక మాట: తన శక్తికొలది చేసెను. ఇంత గొప్ప మనిషికి ఇంత చిన్న రాయా అని తరువాతివారికి అనిపించి, 1955లో ‘బ్లెస్డ్ అష్యూరెన్స్’ మొదటి చరణం చెక్కిన పెద్ద ఫలకం నిలబెట్టారు.