ఇల్లు కట్టడానికి సైకిలెక్కుతున్న వారితో: శ్రీకాకుళం ప్రసంగ పాఠం

సభలోని పెద్దలకు నమస్కారం. రేపు తెల్లవారుజామున ఇక్కడి నుంచి ఇచ్ఛాపురం వైపు సైకిళ్ల మీద బయలుదేరుతున్న విద్యార్థినీ విద్యార్థులకు నా ఆశీస్సులు. మీరు సేకరించిన విరాళాలతో ఉద్దానంలో నిలువ నీడలేని కుటుంబాలకు ఇళ్లు లేస్తాయని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే డబ్బు గురించి మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక, నేను సైకిలు గురించీ, దాని మీంచి దిగాక చేయవలసిన పని గురించీ మాట్లాడతాను.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1995లో, ఇళ్ల నిర్మాణానికి నిధులు కూడబెట్టడం కోసం ఆ దేశపు ఒక తీరం నుంచి మరో తీరం దాకా సైకిళ్లు తొక్కడం మొదలుపెట్టారు. ఆ ఒరవడిలోనే 2002లో ‘బైక్ అండ్ బిల్డ్’ సంస్థ ఏర్పడింది. అందులోని యువతీయువకులు దారిలో కొన్ని ఊళ్లలో ఆగి, సైకిళ్లు గోడకు ఆనించి, ఆ రోజంతా అక్కడి ఇంటి పనిలో చెయ్యి కలిపేవారు. యేల్ విద్యార్థులు నిధులు అందించిన, పేదలకు ఇళ్లు కట్టే ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ సంస్థను 1976లో ఫుల్లర్ దంపతులు స్థాపించారు. ఇల్లు పొందే కుటుంబం కూడా పనిలో పాలుపంచుకోవాలన్నది దాని నియమం. 1983లో ఆ సంస్థ మన దేశంలో తొలిసారి పని చేపట్టింది మన తెలుగునేల మీదనే, ఖమ్మంలో.

ఇక నా అనుభవం ఒకటి చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. రెండు రోజుల తర్వాత మేము బియ్యం, టార్పాలిన్లు లారీకెత్తుకుని వెళ్లాము. కూలిన కొబ్బరిచెట్లు దారికి అడ్డంగా పడి ఉండడంతో లారీ ఒకచోట ఆగిపోయింది. రోడ్డు దాకా రాగలిగిన వారికే సరుకు పంచి వెనక్కి తిరుగుతుండగా, పదిహేనేళ్ల కుర్రవాడు ఒకడు సైకిలును భుజానికెత్తుకుని, ఒక్కొక్క మాను దాటుతూ మా వైపు వచ్చాడు. వాడి చొక్కా నిండా బురద, మోకాలి మీద గీరుకున్న గాయం. “రోడ్డు మీదే ఎల్లిపోతే మా ఊరెలా అగుపడతాది బావూ?” అన్నాడు. లారీ పోలేని చోటికి సైకిలు పోతుందని నాకు ఆ రోజే తెలిసింది. అందుకే మీకు నా మనవి: జాతీయ రహదారి వెంట నేరుగా తొక్కుకుంటూ పోకండి. మడపాం వంతెన దాటి, నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస చేరాక, అక్కడి నుంచి సముద్రం వైపు తోటల మధ్యకు మళ్లండి.

అక్కడ కనబడే పాత చుట్టిళ్లను ఒక్క నిమిషం నిలబడి చూడండి. గుండ్రటి గోడ, బాగా కిందికి దిగిన తాటాకు కప్పు. గాలి గోడకు ఎదురు నిలవకుండా చుట్టూ జారిపోయేలా మన పూర్వులు వాటిని కట్టుకున్నారు. ఇప్పుడు మనం కట్టే ఇటుక ఇంటిలో ఆ తెలివికి సాటి రావాలంటే, పునాది ఎత్తుగా ఉండాలి, కప్పు గోడకు గట్టిగా బిగిసి ఉండాలి. కప్పు లేచిపోతే తుఫానులో ఆ గోడలు మాత్రం ఎంతసేపు నిలుస్తాయి?

తాపీ పని మీకు రాదని సంకోచించకండి. ఇటుకలందించడం, ఇసుక జల్లెడ పట్టడం, మాలు కలపడం ఒక పూటలో వస్తాయి. మేస్త్రి చెప్పినట్టు చేయండి, ఇంటావిడ తట్ట ఎత్తితే ఆమె పక్కనే మీరూ ఎత్తండి. ఆ ఇల్లు ఆమెది. గుమ్మం ఎటువైపు ఉండాలో, పొయ్యి ఎక్కడ పెట్టాలో ముందు ఆమెనే అడగండి.

మరొక్క విషయం. గోడ లేచిన తర్వాత కనీసం వారం రోజులు పొద్దునా సాయంత్రమూ నీళ్లు పట్టాలి. ఆ పని ఫొటోలో కనబడదు, అయినా అది తప్పితే సిమెంటు బలం పుంజుకోదు. మీరంతా ఆదివారం తిరిగి రావాలనుకుంటున్నారని విన్నాను. మీలో నలుగురు ఆ వారం అక్కడే ఉండి నీళ్లు పట్టాలని కోరుతున్నాను. ఉండగలిగినవారు సభ ముగిశాక నా దగ్గరకు వచ్చి పేర్లు ఇవ్వండి. బస, భోజనాల సంగతి నేను చూసుకుంటాను.