అద్దె ఇంటి మీద అప్పు, ఆ అప్పు మీద వడ్డీ: పన్ను లెక్క లెస్టర్‌లో ఒకలా, శ్రీకాకుళంలో ఇంకొకలా

ప్రేక్షకులందరికీ నమస్కారం. విజయనగరం నుంచి ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు మన చానెల్‌కు ఒక ప్రశ్న పంపించారు. వారి అబ్బాయి ఇంగ్లండులోని లెస్టర్‌లో బ్యాంకు అప్పుతో ఒక ఇల్లు కొని అద్దెకిచ్చాడు. వడ్డీ కట్టేసరికి అద్దెలో మిగిలేది అంతంతమాత్రమే, అయినా ఏటా పన్ను మాత్రం గట్టిగానే పడుతోంది. మిగలని డబ్బుకు పన్నేమిటని మాస్టారు అడుగుతున్నారు. మన రెండు జిల్లాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన డాక్టర్లు, నర్సులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలకు కూడా పనికొచ్చే ప్రశ్న కాబట్టి, ఈ వీడియో మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

2015 జూలైలో అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ బడ్జెట్లో ఒక మార్పు ప్రకటించారు. అంతవరకూ అద్దెలోంచి అప్పు వడ్డీని తీసేసి, మిగిలినదానిపైనే పన్ను కట్టేవారు. ఆ ఏడాది ఫైనాన్స్ చట్టంలోని 24వ సెక్షన్ ద్వారా, సొంత పేరున ఇళ్లు అద్దెకిచ్చే వ్యక్తులకు ఆ సౌకర్యాన్ని తీసివేశారు. 2017 ఏప్రిల్ నుంచి ఏటా పాతిక శాతం చొప్పున తగ్గిస్తూ వచ్చి, 2020 ఏప్రిల్ నాటికి పూర్తిగా ఆపేశారు. బదులుగా, ముందు వడ్డీని తీసేయకుండానే అద్దెను ఆదాయంగా లెక్కించి పన్ను వేసి, ఆ పన్నులోంచి వడ్డీలో 20 శాతానికి సమానమైన మొత్తాన్ని తగ్గిస్తారు.

అంకెల్లో చూద్దాం. ఒకాయన జీతం అప్పటికే 40 శాతం శ్లాబులో ఉంది. ఏడాది అద్దె 20,000 పౌండ్లు, వడ్డీ 12,000 పౌండ్లు అనుకుందాం, మరమ్మతుల వంటి ఖర్చులను పక్కన పెడదాం. పాత పద్ధతిలో మిగులు 8,000, దానిపై పన్ను 3,200. కొత్త పద్ధతిలో 20,000 మీద పన్ను 8,000, అందులో 2,400 తగ్గిస్తే కట్టవలసింది 5,600. అంటే నిజంగా మిగిలిన 8,000లో 70 శాతం పన్నుకే పోయింది. వడ్డీ 16,000కు పెరిగిందనుకోండి, మిగులు 4,000 మాత్రమే, పన్ను మాత్రం 4,800. జీతంలోంచి 800 పౌండ్లు తీసి అద్దె ఇంటి పన్ను కట్టాలి. మాస్టారి అబ్బాయి చెబుతున్నది ఇదే. 2021 చివరి వరకూ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 0.1 శాతంగా ఉండడంతో ఈ దెబ్బ చాలామందికి తగలలేదు, 2023 ఆగస్టులో అది 5.25 శాతానికి చేరేసరికి అందరికీ తెలిసొచ్చింది.

తక్కువ జీతం ఉన్నవారికి మరో చిక్కు ఉంది. 45,000 పౌండ్ల జీతం తీసుకునే నర్సుకు అద్దె 16,000, వడ్డీ 11,000 అయితే, ఆమె నిజమైన ఆదాయం 50,000, అంటే 40 శాతం శ్లాబు మొదలయ్యే 50,270కి లోపే. కాగితం మీద మాత్రం అది 61,000గా కనిపిస్తుంది. దాంతో పై శ్లాబులో పడడమే కాక, 60,000 దాటినందువల్ల పిల్లల కోసం వచ్చే చైల్డ్ బెనిఫిట్‌లో కొంత వెనక్కి కట్టవలసి వస్తుంది.

సొంతంగా ఉండడానికి ఇల్లు కొనుక్కున్నవారికి లేని వడ్డీ రాయితీ అద్దెకిచ్చేవారికి ఎందుకన్నది అప్పటి ప్రభుత్వ వాదన. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఈ నిబంధన కంపెనీలకు వర్తించదు. వందల ఇళ్లున్న కంపెనీ వడ్డీ మొత్తాన్నీ ఖర్చుగా చూపించుకోవచ్చు, అప్పు చేసి ఒకే ఇల్లు కొన్న ఉద్యోగి చూపించుకోకూడదు. నా దృష్టిలో ఈ చట్టంలోని అసలు లోపం అక్కడే ఉంది. దీనిపై 2016లో కొందరు ఇంటి యజమానులు, మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ భార్య, న్యాయవాది షెరీ బ్లెయిర్ సాయంతో కోర్టుకు వెళ్లారు గాని, విచారణకు అనుమతి దొరకలేదు.

కోర్టులో పని జరగకపోయేసరికి యజమానులు కాగితాలు మార్చుకోవడం మొదలుపెట్టారు. కొత్తగా కొనే ఇళ్లను చాలామంది కంపెనీ పేరున కొంటున్నారు. కంపెనీ లాభం 50,000 పౌండ్ల లోపు ఉంటే పన్ను 19 శాతమే, అయితే ఆ డబ్బును డివిడెండుగా, అంటే లాభంలో వాటాగా, ఇంటికి తెచ్చుకునేటప్పుడు మళ్లీ పన్ను ఉంటుంది, కంపెనీకిచ్చే అప్పు మీద బ్యాంకు వడ్డీ కూడా సాధారణంగా ఎక్కువే. ఇప్పటికే సొంత పేరున ఉన్న ఇంటిని కంపెనీకి మార్చడమంటే చట్టం దృష్టిలో అమ్మకమే కనుక, క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి విలువ పెరిగిన లాభంపై పన్ను), స్టాంపు డ్యూటీ రెండూ మీద పడవచ్చు. అదనపు ఇంటిపై అక్కడి స్టాంపు డ్యూటీ 2016లో 3 శాతం అదనంతో మొదలై, 2024 అక్టోబరు 31 నుంచి 5 శాతం అదనానికి చేరింది. అందువల్ల ఒకటి రెండు ఇళ్లున్నవారు కంపెనీ జోలికి పోకుండా, తక్కువ ఆదాయమున్న భార్యకో భర్తకో వాటా రాసివ్వడం, అప్పు కొంత తీర్చేయడం, లేదా అమ్మేయడం చేస్తున్నారు. అద్దె పెంచేస్తే సరిపోతుంది కదా అంటారేమో. అప్పు లేని యజమాని పక్కవీధిలో పాత అద్దెకే ఇస్తుంటే ఈయన ఒక్కడూ పెంచలేడు. పెంచగలిగేది, అమ్మకాల వల్ల అద్దె ఇళ్లు తగ్గిపోయిన చోట మాత్రమే.

న్యూజిలాండ్ కూడా 2021లో ఇదే దారి పట్టి, ప్రభుత్వం మారాక వెనక్కి తగ్గి, 2025 ఏప్రిల్ నుంచి వడ్డీ మినహాయింపును పూర్తిగా పునరుద్ధరించింది. బ్రిటన్ మాత్రం వెనక్కి తగ్గలేదు. 2025 నవంబరు బడ్జెట్లో, 2027 ఏప్రిల్ నుంచి అద్దె ఆదాయంపై 22, 42, 47 శాతాల ప్రత్యేక రేట్లు ఉంటాయని ప్రకటించారు, వడ్డీపై తగ్గింపు కూడా 22 శాతం అవుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం బలగలోనో, విజయనగరం కంటోన్మెంటులోనో మనవాళ్లు కట్టే ఇళ్ల తీరు మీకు తెలిసిందే: కింద మనం ఉండి, పైన రెండు వాటాలు అద్దెకివ్వడం. అలాంటి ఇంటికి 40 లక్షల అప్పు, ఏడాదికి 3,60,000 వడ్డీ అనుకుందాం. మూడు వాటాలూ సమానమైతే ఒక్కో వాటాకు వడ్డీ 1,20,000. పై రెండు వాటాల అద్దె నెలకు 16,000, ఏడాదికి 1,92,000. వాటికి సంబంధించి కట్టిన ఇంటి పన్ను 8,000 తీసేసి, మిగిలినదానిలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క అడగకుండా చట్టం ఇచ్చే తగ్గింపు) పోతే 1,28,800 ఉంటుంది. ఆ వాటాల వడ్డీ 2,40,000 కనుక 1,11,200 నష్టం వస్తుంది.

ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చా అన్నదే మన దగ్గర వచ్చిన మార్పు. పూర్వం పరిమితి లేదు. 2017–18 నుంచి ఏడాదికి 2 లక్షలకు మించి తగ్గించుకోకూడదని, మిగిలిన నష్టాన్ని 8 ఏళ్లపాటు తర్వాతి అద్దె ఆదాయంలోనే సర్దుకోవాలని నిబంధన పెట్టారు. పాత రెజీమ్‌లో, అంటే మినహాయింపులు ఎక్కువగా ఉండే పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికి, కింది వాటా వడ్డీ 1,20,000 కూడా కలిపి మొత్తం నష్టం 2,31,200 అవుతుంది, అందులో 2 లక్షలు జీతంలోంచి తగ్గుతాయి. రేట్లు తక్కువగా ఉండి మినహాయింపులు చాలావరకు లేని కొత్త రెజీమ్‌లో కింది వాటా వడ్డీకి లెక్కే లేదు, పై వాటాల నష్టం జీతం దాకా రాదు. కానీ ఒక్క విషయం గమనించండి: ఏ రెజీమ్‌లోనైనా ఆ అద్దె మీద మాత్రం పన్ను సున్నాయే. జీతానికి అందే సాయాన్ని మన ప్రభుత్వం తగ్గించిందే గాని, బ్రిటన్‌లా లేని లాభానికి పన్ను వేయలేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ తీరు మారలేదు.

ఇక్కడి యజమానుల స్పందన రశీదుల్లో కనిపించేది. ఏడాది అద్దె లక్ష దాటితే, హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోరే ఉద్యోగి ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. అందుకే నెలకు పదివేలు తీసుకుంటూ 8,300కే రశీదు రాసిచ్చిన యజమానులు మన ఊళ్లలో కొల్లలు. కొత్త రెజీమ్‌లో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేకపోవడంతో ఆ రశీదు అడిగేవారే తగ్గిపోతున్నారు. పైగా అప్పు వడ్డీ ఎక్కువగా ఉన్న యజమానికి అద్దె దాచవలసిన అవసరమే లేదు, పై లెక్క చూశారుగా. భార్య పేరున రాసేస్తే సరి అనుకునేవారికి మాత్రం ఒక హెచ్చరిక: తగిన ధర తీసుకోకుండా భార్యకో భర్తకో ఇల్లు బదిలీ చేస్తే, మన చట్టం రాసిచ్చినవారినే యజమానిగా భావించి పన్ను వేస్తుంది.

చివరగా మాస్టారికి. మీ అబ్బాయి రేపు విజయనగరం వచ్చేసి ఇక్కడ ఆర్డినరీ రెసిడెంట్ (విదేశీ ఆదాయాన్ని కూడా ఇక్కడ చూపించవలసిన నివాసి) అయితే, లెస్టర్ అద్దెను ఇక్కడి రిటర్నులోనూ చూపించాలి. ఇక్కడ వడ్డీ పూర్తిగా తీసేసి లెక్కిస్తారు కనుక పన్ను స్వల్పంగానో సున్నాగానో వస్తుంది, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడి పన్నులో ఇచ్చే క్రెడిట్ (తగ్గింపు) కూడా ఆ స్వల్ప మొత్తానికి మించదు. మిగతాది తిరిగి రాదు. పన్ను పడకపోయినా ఆ ఇంటిని రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో నమోదు చేయడం తప్పనిసరి. చేయకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. కాబట్టి ఇల్లు ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది అబ్బాయి టికెట్టు తీసుకోకముందే ఒక ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి.