పరీక్షలూ వేలమూ ఒకే నెలలో: నాన్నలతో నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. అమ్మలంతా ముందు వరసల్లో కూర్చున్నారు, సంతోషం. వేపచెట్టు కింద బండ్ల మీద కూర్చున్న నాన్నలు కూడా దయచేసి లోపలికి రండి, ఈరోజు నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే. నేను ఈ టంగుటూరు, కొండపి వైపు బళ్లలోనే చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, పొగాకు రైతు కొడుకుని కూడా, అందుకని మన ఇళ్లలో ఏ నెలలో ఏం జరుగుతుందో నాకు బయటివాళ్లు చెప్పక్కర్లేదు.

ఆ నెలల సంగతే ముందు చెప్తాను. అక్టోబరు, నవంబరులో పొగాకు నాట్లు. సంక్రాంతి దాటేసరికి ఆకుని వేడి మీద ఆరబెట్టే గదులు, అదే మన బ్యారన్ల దగ్గర రాత్రీ పగలూ ఒకటే. మార్చి వచ్చేసరికి ఆకు కట్టలు, అంటే బేళ్లు, వేలం కేంద్రాలకు చేరుతుంటాయి. సరిగ్గా ఆ మార్చిలోనే ఇంటర్ పరీక్షలు, పదో తరగతి పరీక్షలు. బిడ్డకు నాన్న తోడు బాగా కావాల్సిన రోజులూ నాన్నకు నిద్రపట్టని రోజులూ ఒకేసారి వచ్చిపడతాయి. కౌలు కట్టాలి, కూలీలకివ్వాలి, బ్యాంకు అప్పు ఒకపక్క, బయట వడ్డీకి తెచ్చింది ఇంకోపక్క, ఇవన్నీ నెత్తిన పెట్టుకుని పొద్దున్నే పోతే ఎవరూ పాట పాడలేదని, బేలు నోబిడ్ అని వెనక్కి పంపించారు. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మంచమ్మీద కూర్చుంటాం. లెక్కలు చేసుకుంటున్న పిల్లాడు ఒకసారి తలెత్తి చూసి, పుస్తకం తీసుకుని పక్క గదిలోకి పోతాడు. గ్రేడు తగ్గితే ఏమవుతుందో, క్వింటాకు ఎంత పోయిందో వాడికి తెలీదు. నాన్న తన మీదే కోపంగా ఉన్నాడనుకుంటాడు. ఈ మాట పిల్లలు నాతో ఎన్నిసార్లు చెప్పారో.

అందుకని నేను అడిగేది చాలా చిన్నది. "ఈరోజు రేటు పడిపోయిందిరా, అందుకే చిరాగ్గా ఉన్నాను, నీ మీద కాదు" అని ఒక్క ముక్క చెప్పండి. పిల్లలకు ఇంటి కష్టాలు చెప్పకూడదని మన పెద్దలు అంటారు, నేను ఒప్పుకోను. వాళ్లకు సగం ముందే తెలిసిపోతుంది, తెలియని సగాన్ని ఉన్నదానికంటే భయంకరంగా ఊహించుకుంటారు. అయితే ఒకటి, కష్టం చెప్పడం వేరు, "నీ చదువు కోసమే ఇన్ని అప్పులు చేశాను" అనడం వేరు. రెండో మాట విన్న పిల్లాడు పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చూడడు, అప్పు చూస్తాడు. పిల్లలతో నాన్న అనకూడని మాటల్లో మొదటిది ఇదేనని నా అభిప్రాయం.

టైమ్ ఎక్కడుంది సార్ అంటారు. నిజమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల పితృత్వ సెలవుంది. కౌలు రైతుకి, చీమకుర్తి క్వారీలో పనిచేసే మనిషికి, కరెంటు పోతే నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగి రొయ్యలు చచ్చిపోతాయని రాత్రంతా చెరువు గట్టు మీదే ఉండే నెల్లూరు వైపు మనిషికి ఎవరిస్తారు ఆ సెలవు? ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఉన్న టైమ్‌లోనే వెతుక్కోవాలి. బ్యారన్ రాత్రులనే తీసుకోండి. ఆకు పసుపెక్కి, ఆరి, ఈనె కూడా ఎండి దిగేసరికి దాదాపు వారం పడుతుంది, ఆ వారమంతా వేడి ఎక్కువ తక్కువ కాకుండా కాచుకోవాలి, వేడి గొట్టాల మీద ఆకు రాలి అంటుకుంటే బ్యారనే పోతుంది. కళ్లు మూసుకోవడానికి లేదు గానీ నోరు ఖాళీగానే ఉంటుంది కదా! పిల్లల చేత ఆకు పని చేయించమనడం లేదు, అది వద్దే వద్దు, పచ్చాకు తడికి పెద్దవాళ్లకే వాంతులవుతాయి. మర్నాడు సెలవైతే కాసేపు పక్కన కూర్చోనివ్వండి, అంతే. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని మగపిల్లలు, పక్కన కూర్చుని మంట చూస్తూ ఉంటే వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు. చదువు రాని ఒక క్వారీ కార్మికుడు రోజూ అన్నం తిన్నాక కూతురి చేత తెలుగు పాఠం పైకి చదివించుకుని వినేవాడు, మధ్యలో ఆపి "అంటే ఏందమ్మా?" అని అడిగేవాడు. ఆయనకి తెలియకే అడిగేవాడు. వివరించి చెప్పడం ఆ పిల్లకు అక్కడే వచ్చింది, నా క్లాసులో ఎవరికి పాఠం అర్థం కాకపోయినా ఆ పిల్ల దగ్గరికే పోయేవాళ్లు.

ఇక కొట్టడం సంగతి. "నాలుగు తగిలించండి సార్, మేమేం అనుకోం" అని ఇప్పటికీ వచ్చి చెప్పేవాళ్లున్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం మేం కొట్టకూడదు, చట్టం లేకపోయినా నేను కొట్టను. ఇంట్లో మీరూ వద్దు. దెబ్బకు భయపడే పిల్లాడు తప్పు చేయడం మానడు, మీకు తెలియకుండా చేయడం నేర్చుకుంటాడు.

ఆడపిల్లల నాన్నలతో ఒకటి గట్టిగా చెప్పాలి. బిడ్డ పెద్దమనిషైతే ఊరంతా ఫ్లెక్సీలు కట్టి భోజనాలు పెడతారు, ఆ మర్నాటి నుంచి బిడ్డతో మాట్లాడటం తగ్గించేస్తారు. నిన్నటిదాకా బండి ముందు కూర్చోబెట్టుకుని తిప్పిన నాన్న ఇవాళ ఏదైనా కావాలంటే "మీ అమ్మనడుగు" అంటాడు. బిడ్డ ఏం అర్థం చేసుకోవాలి? తనేదో తప్పు చేసినట్టు అనుకుంటుంది. ఎవడో దారిలో వెంటపడితే చెప్పాల్సింది మీకే, ఆ సమయంలోనే మీరు తలుపేసుకుంటే ఎలా? ఎప్పట్లాగే మాట్లాడండి. నాన్నతో చెప్పుకోగలిగిన ఆడపిల్లకు బయట ధైర్యం వేరుగా ఉంటుంది, నేను కళ్లారా చూస్తున్నాను.

పది అయ్యాక ఒంగోలో నెల్లూరో విజయవాడో హాస్టల్లో వేస్తారు. నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి, పిల్లలకు చదువు రావాలని విద్య రొట్టె పట్టుకునే నాన్నల ప్రేమని నేను శంకించను. ఆ రొట్టె ఏ చదువు కోసం పట్టుకోవాలో ముందు పిల్లల్ని అడిగారా అన్నదే నా ప్రశ్న. ఆదివారం ఫోన్ చేస్తే ర్యాంకుతో మొదలుపెట్టకండి. ఏం తిన్నావు, ఎవరితో కూర్చుంటున్నావు, నిద్ర పడుతోందా, ఇవడగండి. గొంతు తేడాగా ఉంటే పని ఆపి బస్సెక్కండి. మీకు ఏం చేయాలో తోచకపోతే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ల నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్లు తీసి ఇప్పుడే సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

ఇంత చేస్తే మనకేం వస్తుందని అడగొచ్చు, అడగాలి కూడా. బెంగుళూరులో ఉద్యోగం చేసే నా పాత విద్యార్థులు సెలవులకు వస్తే కలుస్తుంటారు. కొందరు ఇంటికి డబ్బు పంపిస్తారు గానీ నాన్నతో రెండు నిమిషాలు కూడా మాట్లాడలేరు, ఇద్దరికీ మాటలు దొరకవు. ఇంకొందరు ఉద్యోగం మారాలన్నా, పెళ్లి మాటొచ్చినా మొదట నాన్నకే ఫోన్ చేస్తారు. ఆ రెండో రకం నాన్నల్లో ఒకాయన నాతో అన్నాడు, "రేటు లేని ఏడు కూడా మావాడి ఫోనొస్తే కడుపు నిండిపోద్ది సార్" అని. ఆయనకి ఎకరాల్లేవు, కౌలు రైతే.

నేను చెప్పాల్సింది అయిపోయింది. మైకు ఇటు పంపిస్తాను, ప్రశ్నలుంటే నాన్నలు ముందు అడగండి.