సైరన్ మీట నొక్కే అధికారం ఎవరిది?

(హనుమకొండలో సంస్థల బాధ్యుల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చిన సహకార సంఘాల అధ్యక్షులకు, ఆసుపత్రుల, కళాశాలల యాజమాన్యాలకు, మార్కెట్ కమిటీల బాధ్యులకు నమస్కారం.

ఆపదలను ముందే నివారించడానికి, వస్తే తట్టుకోవడానికి సంస్థల సారథులు ఎలా సిద్ధం కావాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నా ఉద్యోగ జీవితమంతా బొగ్గుగనుల్లో గడిచింది కాబట్టి అక్కడి సంగతులతోనే మొదలుపెడతాను. ఆపద వచ్చిన రోజు నాయకుడు చూపే ధైర్యాన్ని మనం చాలా పొగుడుతాం. కానీ ఏ ఆపదా లేని మామూలు రోజుల్లో అతడు రెండు సంగతులను తేల్చి పెట్టాడా లేదా అన్నదాని మీదే ఎక్కువ ప్రాణాలు ఆధారపడి ఉంటాయని నా దృఢమైన అభిప్రాయం. చెడు కబురు కింది నుంచి పైకి ఎంత త్వరగా చేరుతుందన్నది మొదటిది. పని ఆపించే అధికారం పై నుంచి ఎంత కింది వరకు దిగిందన్నది రెండోది.

1975 డిసెంబర్ 27న, నాటి బీహార్‌లోని చాస్‌నాలా గనిలోకి పక్కనే ఉన్న పాత గని నీరు విరుచుకుపడి 375 మంది కార్మికులు చనిపోయారు. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది ప్రాణాలు పోయాయి. నీరు నిలిచి ఉండే అవకాశమున్న పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా తవ్వకూడదని బొగ్గుగనుల నిబంధనలు చెబుతాయి. నిబంధన ఎంత అవసరమైనదైనా, గని గోడ మీద కొత్తగా చెమ్మ కనిపించినప్పుడు దాన్ని చూసేది కాగితం కాదు. ఆ షిఫ్టులో అక్కడ నిలబడి ఉన్న మనిషి.

అందుకే గనుల చట్టంలో నాకు అత్యంత విలువైనదిగా కనిపించేది మైనింగ్ సర్దార్ అనే పదవి. సర్దార్ ఇంజినీరు కాదు, మేనేజరూ కాదు. పరీక్ష రాసి యోగ్యతా పత్రం పొందిన, కార్మికులకు అతి దగ్గరగా ఉండే అధికారి. తన పరిధిలో ప్రమాదం ఉందని తోస్తే మనుషులను బయటికి పంపించి, ఆ చోటికి ఎవరూ వెళ్లకుండా కంచె కట్టించాలి. అందుకు అతడు మేనేజరు అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు, ఆ రోజు ఉత్పత్తి ఎంత తగ్గుతుందో లెక్క వేయనక్కరలేదు. షిఫ్టు ముగిశాక తాను చూసినదంతా రిపోర్టు పుస్తకంలో రాస్తాడు. కప్పు ఎక్కడ బలహీనంగా ఉంది, ఎక్కడ నీరు ఊరుతోంది అన్న సంగతులు తర్వాత వచ్చేవాడికి ఆ పుస్తకం నుంచే తెలుస్తాయి. కబురు పైకి వెళ్లే దారి, అధికారం కిందికి దిగే దారి రెండూ ఆ ఒక్క పదవిలో కలుస్తాయి.

ఇప్పుడు మీ సంస్థల గురించి ఆలోచించండి. మీ ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు కరెంటు ప్యానెల్ దగ్గర కాలిన వాసన వస్తే, డ్యూటీలో ఉన్న నర్సమ్మ వార్డు ఖాళీ చేయించగలదా? లేక డ్యూటీ డాక్టరుకు, ఆయన సూపరింటెండెంటుకు, ఆయన యజమానికి ఫోను చేసి, యజమాని నిద్ర లేచేదాకా ఆగాలా? ఖాళీ చేయించిన తర్వాత అది ఉత్తి వాసనే అని తేలితే, మర్నాడు ఆమెకు దొరికేది మెప్పా, మెమోనా? ఆ మర్నాడు మీరు ఎలా ప్రవర్తిస్తారో మీ సిబ్బంది అంతా చూస్తారు. తర్వాతిసారి నిజంగా నిప్పు అంటుకున్నప్పుడు ఎవరు నోరు తెరుస్తారో ఆ రోజే నిర్ణయమైపోతుంది.

విశాఖపట్నం ఎల్జీ పాలిమర్స్ ఘటన ఈ సందర్భంలో చెప్పుకోక తప్పదు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ అనే రసాయనం ఆవిరి చుట్టుపక్కల ఊళ్ల మీద పడి 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారంలో సైరన్ ఉంది. కానీ దాన్ని మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచారని, పై భాగంలో పెరిగిన వేడి వారి లెక్కకు అందలేదని కూడా ఆ కమిటీ గుర్తించింది. కొలత తీసే చోట అంతా సవ్యంగా ఉన్నంత మాత్రాన మిగతా చోట్లా సవ్యంగా ఉన్నట్టు కాదు. నెలనెలా మీ బల్ల మీదికి వచ్చే నివేదికలు ఏ చోటును కొలుస్తున్నాయో, ఏ చోటును వదిలేస్తున్నాయో ఒకసారి పరిశీలించండి.

ఇక, గతంలో వచ్చిన పెద్ద ఆపదనే హద్దుగా పెట్టుకునే అలవాటు మనలో బలంగా ఉంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ తెల్లవారుజామునే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, వారి కోసం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఇంత వాన ఎన్నడూ చూడలేదని పెద్దవాళ్లు అన్నది అక్షరాలా నిజం. కడెం ప్రాజెక్టు సంగతి ఇంకా ఆలోచించదగినది. 2022 జులైలో అక్కడికి వచ్చిన వరద, 18 గేట్లూ కలిసి వదలగలిగే నీటిని మించిపోయింది, అయినా కట్ట నిలిచింది. మరుసటి ఏడాది జులైలో మళ్లీ పెద్ద వరద వచ్చినప్పుడు కొన్ని గేట్లు పైకి లేవలేదు. గండం తప్పిన మర్నాడు మనందరికీ కలిగే ఊరట సహజమైనదే, కానీ అది మరమ్మతును వెనక్కి నెడుతుంది. తృటిలో తప్పిన ప్రమాదాన్ని జరిగిన ప్రమాదంతో సమానంగా విచారించే పద్ధతిని మీ సంస్థలో పెట్టండి.

సన్నద్ధతకు అభ్యాసం కావాలి. ప్రమాదకర రసాయనాలున్న కర్మాగారాలు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలని 1989 నాటి నియమాలు నిర్దేశించాయి. మీలో చాలామందికి ఆ నియమాలు వర్తించకపోవచ్చు, పద్ధతిని మాత్రం నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు. ఉదాహరణకు మార్చి నెల, మిర్చి సీజను, ఏనుమాముల వంటి పెద్ద యార్డు నిండా బస్తాలు, సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టింది, కార్యదర్శి సెలవులో ఉన్నాడు అనుకుందాం. ఒక బల్ల చుట్టూ అడ్తిదారుల ప్రతినిధిని, హమాలీల మేస్త్రీని, తూకం వేసే దడువాయిలను, కరెంటు పని చూసేవాణ్ణి కూర్చోబెట్టి, ఇప్పుడేం చేస్తారని అడగండి. టార్పాలిన్లు ఉన్న గది తాళం ఎవరి దగ్గరుంది? జనరేటర్‌లో డీజిల్ పోసి ఎన్నాళ్లయింది? గోడ మీద రాసిన ఫోను నంబర్లలో ఎన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి? లారీలను గేటు బయటే ఆపమని చెప్పే హక్కు ఎవరికుంది? జవాబు దొరకని ప్రశ్నలన్నీ అప్పటికప్పుడు రాసుకుంటే, ఆ కాగితమే మీ అసలైన విపత్తు ప్రణాళిక అవుతుంది. మందపాటి ఫైలు కన్నా దాని మీదే నాకు నమ్మకం ఎక్కువ.

బయటివారితో మాట్లాడే విషయం క్లుప్తంగా చెబుతాను. మొదటి గంటలో తెలిసినది తెలిసినంతే చెప్పండి, తెలియనిది తెలియదనండి, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో సమయం చెప్పి ఆ సమయానికి తప్పక రండి. బాధితుల కుటుంబాలకు మీ నోటి నుంచే కబురు అందాలి. టీవీ చూసి, వాట్సాప్ చూసి తెలుసుకోవలసిన స్థితి ఏ తల్లికీ రాకూడదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ప్రతి జిల్లాలో ఒక ప్రాధికార సంస్థ పనిచేస్తుంది. అక్కడి అధికారులతో పరిచయం వానాకాలానికి ముందే చేసుకోవాలి.

భోజనం తర్వాత ఇదే హాలులో, ఇప్పుడు చెప్పినట్టే ఒక అభ్యాసం చేయబోతున్నాం. అందులో ఒక షరతు ఉంది. ప్రతి సంస్థ అధ్యక్షుడు లేదా యజమాని మొదటి అరగంట గోడ పక్కన కూర్చోవాలి, ఫోను కట్టేయాలి, సైగ కూడా చేయకూడదు. మీతో వచ్చిన రెండో మనిషి, మూడో మనిషి నిర్ణయాలు తీసుకుంటారు. ఏ నిర్ణయం దగ్గర వాళ్లు ఆగి మీ వైపు చూశారో గుర్తు పెట్టుకోండి. ఆ అధికారాన్ని వాళ్లకు రాతపూర్వకంగా ఎలా అప్పగించాలో మిగిలిన సమయంలో కలిసి తయారుచేద్దాం.